లాభం, రెండు, మూడు

కూతురు ఆ ఇటుక రంగు హాల్లోకి వెళ్లి తలుపు మూసుకోగానే ఝాన్సీలక్ష్మి కారు అద్దం నాలుగు వేళ్ల మేర దించింది. ఎందుకు దించిందో తనకే తెలియదు. లోపల ఇసుక మూట ఎత్తితే ఇక్కడిదాకా వినిపిస్తుందా ఏమిటి? వినిపించింది గాలి. విండ్సర్ అని ఊరికే పెట్టలేదు ఈ ఊరికి పేరు, విండుకు విండూ ఉంది, దాన్ని సర్ అని పిలవాల్సినంత పొగరూ ఉంది. అక్టోబరు శనివారం ఉదయం నది మీంచి లేచొచ్చిన ఆ పొగరు చెవిలో దూరి, పో, లోపలికి పోయి చూడు అంటోంది. పోదు. ఎత్తుతావో దించుతావో నీ ఇష్టం, నేను మాత్రం చూడను అని ఇంట్లో గట్టిగా చెప్పేసింది కదా. ఆ హాల్లో ఇవాళ మిలిటరీ కాలేజీకి అప్లై చేయబోయే హైస్కూలు పిల్లలకు ట్రయల్. ఎవరో రిటైరైన కెప్టెనమ్మ ఉచితంగా పెడుతోంది. కాసేపు పరుగు, కాసేపు పాకుడు, చివర్న ఇసుక మూటను నేల మీంచి ఛాతీ ఎత్తుకు ముప్పై సార్లు, ఆవిడ విజిల్ ఊదేలోపు. అసలు పరీక్ష ఇంకెప్పుడో. అయితే ఈ తల్లీకూతుళ్ల మధ్య మాత్రం ఇదే అసలు పరీక్ష, ఎందుకంటే వైదేహికి పద్దెనిమిది నిండలేదు, నిండని పిల్ల సైన్యంలోకి పోవాలంటే అమ్మానాన్నల సైను కావాలి. సైను లేనిదే సైన్యం లేదు. నాన్న ఎప్పుడో గీకి పారేశాడు. అమ్మ పెన్ను మూత కూడా తియ్యలేదు. వేసవిలో ఓ రోజు పోరు పడలేక తనే అంది, సరే, ఆ ట్రయల్లో ముప్పైకి ముప్పై ఎత్తు, సైన్ చేస్తా, ఒక్కటి తగ్గినా అందరి పిల్లల్లాగా ఇక్కడే ఇంజనీరింగ్, మళ్లీ ఆ ఊసెత్తకూడదు అని. "డీల్?" అంది వైదేహి చెయ్యి చాచి. "డీల్," అంది తను, డీలా పడిన గొంతుతో.

ఝాన్సీలక్ష్మి అని పేరు పెట్టిన నాడు తండ్రి విశ్వనాథం గారికి ఏ గుర్రం సకిలించినట్టు వినబడిందో, ఏ కత్తి కలలో మెరిసిందో గానీ, ఆ పేరు మోసే మనిషి మాత్రం నలభై ఏడేళ్లొచ్చినా ఎస్కలేటర్ ముందు ఆగి, రెండు మెట్లను పోనిచ్చి, మూడోదాన్ని బతిమాలి ఎక్కుతుంది. ఝాన్సీలోని ఝంకారం తెనాలి స్టేషన్‌లోనే దిగిపోయింది, కెనడా దాకా టికెట్ కొనుక్కుని వచ్చింది ఝడుపొక్కటే. అలాగని పూర్తి పిరికిదని కూడా అనడానికి లేదు, భయపడుతూనే తొంగి చూసే రకం. చిన్నప్పుడు బల్లి కనబడితే కెవ్వుమని మంచమెక్కేది, కానీ తెగిపడిన తోక ఎంతసేపు కొట్టుకుంటుందో ఆ మంచం మీంచే చివరిదాకా చూసి గానీ దిగేది కాదు. వైదేహి ఆర్మీ అన్న రోజున కూడా అంతే. మొదట ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది: అక్కడ పక్క మీద దుప్పటి ముడత లేకుండా పరవాలటగా, మరి పడుకుంటే ముడత పడదూ, నేల మీద పడుకుంటారా? చదువు చెప్పినందుకు ఫీజు పుచ్చుకోకుండా ఎదురు జీతమిచ్చే కాలేజీ ఎక్కడైనా ఉంటుందా, ఉంటే ఇన్నాళ్లూ తెలుగువాళ్ల కంట పడకుండా ఎలా దాక్కుంది? కెమిస్ట్రీ మాస్టారు కూడా బూట్లు టకటకలాడిస్తూనే చెబుతాడా? ఆవకాయ సీసా గేటు దాటనిస్తారా? కన్నతల్లి ఎదురుపడితే సెల్యూట్ కొట్టాలా, లేక ఆ తల్లే కొట్టాలా? క్యాడెట్ అంటే నాకు కాడెద్దు అనే వినిపిస్తోందే, దున్నిస్తారా ఏమిటి? కూతురు కడుపు పట్టుకుని నవ్వేది. "డు యూ హేట్ ఇట్, ఆర్ డు యూ వాంట్ టు నో ఎవ్రీథింగ్ అబౌటిట్, అమ్మా?"

రెండూనే తల్లీ, రెండూను. స్కూల్లో దాని స్నేహితులు దాన్ని వై అంటారు, వైదేహిలో మొదటి ముక్క విరుచుకుని. వై ఉందా ఆంటీ అని ఫోన్ చేస్తే, ఉంది నాయనా, ఈ ఇంట్లో వై ఒక్కటే ఉంది, జవాబే లేదు అనాలనిపించేది. ఎందుకే నీకీ ఆర్మీ, డాక్టరువి కావచ్చు, యాక్టరువి కావచ్చు, కనీసం మీ నాన్నలాగా టాక్టరువైనా కావచ్చు కదా, కూర్చున్నచోటే కబుర్లు చెప్పుకుంటూ, అని తను అడిగినప్పుడు ఆ పిల్ల దేశమనీ ధైర్యమనీ పెద్ద మాటలేమీ చెప్పలేదు. భుజాలెగరేసింది. "ఐ జస్ట్ వాంట్ టు ఫైండ్ అవుట్ ఇఫ్ ఐ కెన్." చేయగలనో లేదో తెలుసుకోవాలని ఉందట. అంతే. ఆ మాట ఝాన్సీలక్ష్మి గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. పెద్ద మాటలైతే పెద్ద మాటలతోనే కొట్టి పడేసేది. ఇది తన జబ్బు, అచ్చంగా బల్లితోక జబ్బు, రక్తంలో వచ్చింది, దాన్ని దేంతో కొట్టడం?

అద్దంలోంచి, హాలు పక్క సందు చివర, నది కనిపిస్తోంది. నదికి అవతల అమెరికా. అదో తమాషా ఈ ఊళ్లో, అమెరికా మనకు ఉత్తరాన ఉంటుంది, దిక్కులు కూడా దిక్కు తెలియక తిరగబడ్డాయి. రోజూ పొద్దున్న భర్త అమరేశ్వరరావు టిఫిన్ డబ్బా పట్టుకుని దేశం దాటి డెట్రాయిట్‌లో ఉద్యోగం చేసి, సాయంత్రానికి ఖాళీ డబ్బాతో స్వదేశాగమనం చేస్తాడు. మా ఆయన మధ్యాహ్నం పులిహోర విదేశాల్లో తింటారండీ అని తను నవ్వించని పేరంటం లేదు. మరి ఈ పిల్ల రేపు కాపలా కాయబోయే సరిహద్దు ఏది, వాళ్ల నాన్న పులిహోర దాటే ఈ నీళ్లా? అడిగితే ఆయనేమంటాడు, "దానికిష్టమైతే నాకిష్టం, నీకిష్టమైతే ఇంకా ఇష్టం" అంటాడు, అని టేపు చుట్ట వెతుక్కుంటూ వెళ్లిపోతాడు. ఏ కష్టానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఆ వెండి రంగు మందపాటి టేపు. చూరు గొట్టానికి టేపు, ఫ్రిజ్ పిడికి టేపు, సూట్‌కేసు చక్రానికి టేపు, ఆఖరికి ఈమధ్య గరాజ్‌లో ఉన్న బియ్యం మూటకు కూడా ఒళ్లంతా టేపు. ఎందుకండీ అని తను అడగలేదు. టేపు గురించి అడిగితే ఆయన టేపు రికార్డరైపోతాడు.

రోడ్డవతల బస్టాపు దగ్గర పిల్లల గుంపు పెరిగింది. అందరివీ ఒకేలాంటి నల్ల జాకెట్లు, వీపున బ్యాగులు, చెవుల్లో తెల్ల తీగలు. ఈ రెండేళ్లలో ఊళ్లో ఏ బస్టాపు చూసినా ఇంతే, గాలి ఇటు తిరిగిందంటే తెలుగు వినబడుతుంది, ఒరేయ్ బస్సు ఫుల్లురా, మామా షిఫ్ట్ ఎన్నింటికి, అమ్మా పడుకున్నావా. ఝాన్సీలక్ష్మి ఇంట్లోనూ అంతే. బేస్‌మెంట్‌లోకి మొదట ఒక్కతే దిగింది, దమయంతి, కరీంనగర్ పిల్ల, పగలు కాలేజీ, రాత్రి కాఫీ షాపు. ఆగస్టులో ఇంకో పిల్లను వెంటబెట్టుకొచ్చింది, ఎక్కడా రూము దొరకలేదాంటీ అని. సెప్టెంబరులో ఆ పిల్ల ఇంకో పిల్లను. కింద ముగ్గురు టెనెంట్లు, పైన కాబోయే లెఫ్టినెంటు, మధ్యలో తను, ఎవరికీ ఏమీ కాని కంటెంటు. ఎన్నిసార్లు అనుకుంది, ఈ దమయంతిని ఏడు సముద్రాలవతలికి ఒంటరిగా పంపిన తల్లి ఏ సైను పెట్టిందో, ఎన్ని రాత్రులు కూర్చుందో. మన పిల్ల పోతానన్న మిలిటరీ కాలేజీ ఉన్న కింగ్‌స్టన్ కారులో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరే దూరం. అది తెలుసు. తెలిసినంత మాత్రాన గుండెకు మ్యాపు చూపించలేం కదా.

జూన్ నెలలో ఓ సాయంత్రం గరాజ్‌లోంచి బేస్‌మెంట్ మెట్లు దిగి ఏదో అడగబోతే, ఆ దమయంతి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు గది పక్కన కూర్చుని ఉత్త బ్రెడ్డు మీద కారప్పొడి చల్లుకుని తింటోంది. షిఫ్టుకు టైమయిందాంటీ అంది. అంతే, ఆ రోజే గరాజ్ గోడకు ఆనించి ఉంచిన నలభై పౌండ్ల సోనా మసూరి మూట విప్పేసింది ఝాన్సీలక్ష్మి. సేల్లో చవగ్గా వచ్చిన అదనపు మూట అది, ఇంట్లోకి వాడేది వంటింటి డ్రమ్ములో వేరే ఉంది. మూట మూతి కుట్టులో సరైన దారం కొసను పట్టి లాగితే సర్రున మొత్తం ఊడి చేతికొస్తుందే, ఆ సుఖం ఆవిడకు ప్రాణం, పట్టుచీర మడత విప్పినా అంత బాగుండదు. అమ్మ భ్రమరాంబ దగ్గర్నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిద్దెతో ఓ గిద్దెడు కొలిచి పిల్ల గిన్నెలో పోసింది. కొలిచేటప్పుడు అమ్మ నోటి అలవాటే తనకూ వచ్చింది, మొదటి కొలతను ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు. ఎందుకమ్మా అంటే, ఒకటి అంటే ఒకటితోనే ఆగిపోతుందే, లాభం అంటే నడుస్తుంది అనేది అమ్మ. ఆ వేసవంతా సాయంత్రాలు గరాజ్‌లో టేపు ఒక మూల విప్పడం, లాభం అనడం, మళ్లీ అతికించడం. ఆగస్టులో లాభం, రెండు. సెప్టెంబరు నుంచి లాభం, రెండు, మూడు. అద్దెకొచ్చిన పిల్లలు ఆకలికి అలవాటు పడకూడదు, అంతే ఆవిడ లెక్క.

పైన వైదేహి లెక్క వేరు. తెల్లారకుండానే లేచి గరాజ్‌లోకి పోయి ఎత్తుడూ దించుడూ, దబ్ దబ్ మని చప్పుడు. హిందీవాళ్ల సోనా, అదే నిద్ర, మానేసి ఏం ఎత్తుతోందో తను చూడలేదు, చూడనని పంతం కదా, దిండు చెవులకు అదుముకుని పడుకునేది. చెమటతో వంటింట్లోకి వచ్చి మంచినీళ్లు తాగుతూ ఆ పిల్ల చెప్పేది, "ఇట్స్ గెటింగ్ లైటర్, అమ్మా! ఎవ్రీ వీక్!" ఏది ఏమిటని అడిగితే ఓడిపోయినట్టు. అందుకని, ఊఁ అనేది. లోపల మాత్రం గుబులు, అయ్యో ఎత్తేస్తుందేమో, ముప్పైకి ముప్పై ఎత్తేస్తుందేమో. ఇవాళ వస్తూ వస్తూ ఇండియన్ స్టోర్లో ఆగి కొత్త బియ్యం మూట కొన్నప్పుడు, డిక్కీలో వేస్తూ అదే పిల్ల తూలింది. "వావ్, వై ఈజ్ దిస్ సో హెవీ? నెర్వస్ అనుకుంటా." తను చాలా సంతోషించింది, సంతోషించినందుకు సిగ్గుపడి, సిగ్గు కనబడకుండా చూయింగ్ గమ్ కొనిచ్చింది.

ఫోను మోగింది. దమయంతి.

"ఆంటీ, మీరు లేరని నేనే గరాజ్‌ల బియ్యం తీస్కుందామని పోయిన. మూట అడుగు కనవడ్తుంది. జెర్రంత ఉన్నయ్, గంతే."

"కొత్త మూట తెస్తున్నాలే అమ్మా, వైదేహి పని కాగానే వస్తాం."

"మంచిదైంది. లేకుంటే రేపటికెల్లి వై ఏం లేపుతుండె? నేను నైట్ షిఫ్ట్ కొట్టి వచ్చేటప్పుడు రోజు సూస్త గద, గా మూటనే లేపుతది. గందుకే గద అంకుల్ టేప్ సుట్టింది. వదులైనప్పుడల్ల మల్ల బిగిస్తడు పాపం. ఆంటీ? ఉన్నరా?"

ఉంది. ఎక్కడికి పోతుంది. ఫోను ఒళ్లో పడిపోయింది, నది నదిలాగే పోతోంది, బస్సు వచ్చి బస్టాపును ఖాళీ చేసుకుపోయింది. ఆ మూటా. ఆ మూటేనా. తను సాయంత్రం లాభం అని తీసేది, అది తెల్లవారి నష్టం తెలియక ఎత్తేది, ఆయన ఆదివారం వదులైందని బిగించేది. ముగ్గురూ కూడబలుక్కున్నా ఇంత పకడ్బందీగా మోసం చేయలేరు. రోజుకో గిద్దెడు తగ్గితే చేతికేం తెలుస్తుంది, చెయ్యి ఏమైనా త్రాసా? బియ్యం తగ్గుతున్నకొద్దీ తనకు భయం పెరిగింది, పిల్లకు బలం పెరిగిందనుకుంది, పెరిగింది ఏదీ లేదు, బేస్‌మెంట్‌లో పిల్లల బుగ్గలు తప్ప. వంటింట్లోకి వచ్చి మెరిసే కళ్లతో చెప్పేదే, లైటర్ అమ్మా, లైటర్ అని. ఇప్పుడు లోపల, అందరి ముందు, నిండు మూట మీద చెయ్యి వేస్తుంది. స్టోర్లో తూలినట్టే తూలుతుంది. నెర్వస్ అనుకుంటుంది. ఓడిపోతుంది. ఓడిపోతే డీల్ ప్రకారం ఇంజనీరింగ్, ఇక్కడే, ఈ ఊళ్లోనే, రోజూ కళ్ల ముందు, తనకు కావలసింది అదే కదా. నోరు మూసుకుని ఈ సీట్లో ఇలా కూర్చుంటే చాలు, గెలుపు దానంతటదే వచ్చి డిక్కీలో పడుతుంది. కూర్చుందామనే అనుకుంది. చేతులే మాట వినలేదు. సీటు బెల్టు విప్పేశాయి. తలుపు తెరుచుకుంది, గాలి మొహం మీద కొట్టింది, వస్తున్నానండీ సర్, వస్తున్నా.

హాలు వసారాలో కెప్టెనమ్మ నిలబడి ఉంది, పొట్టిగా, తెల్లజుట్టుతో, మెడలో విజిల్‌తో. లోపలి తలుపుకు అద్దం ఉంది. ఝాన్సీలక్ష్మి ఇంగ్లీషులో ఇరవై ఏళ్లుగా ఆఫీసు నడిపిన మనిషి, ఆ క్షణానికి మాత్రం దొరికిన ఇంగ్లీషంతా, "ప్లీజ్, హర్ బ్యాగ్ వాజ్ రైస్, వీ ఏట్ ఇట్." కెప్టెనమ్మ ఆవిణ్ని కుతూహలంగా చూసింది, వేలు పెదవుల మీద పెట్టుకుంది, గడియారం చూసుకుని తలుపు కొద్దిగా తెరిచి మూటలెత్తడం మొదలుపెట్టమని విజిల్ ఊదింది. అయిపోయింది, ఇక ఆపడానికి లేదు. చూడనన్న తల్లి అద్దానికి ముక్కు ఆనించింది.

వైదేహి వంగింది, పట్టింది, లేపబోయింది, ఆగిపోయింది. ఆ మూట వైపు, తెలిసిన మనిషనుకుని భుజం మీద చరిస్తే వెనక్కు తిరిగింది ఇంకెవరో అయినట్టు చూసింది. మళ్లీ పట్టింది. లేచింది. లాభం, అంది ఝాన్సీలక్ష్మి, అద్దం మీద ఆవిరి కమ్మింది. రెండు. మూడు. అబ్బ, నడుము అలా వంచకే, విరుగుతుంది. నాలుగు. పక్క పిల్లలు యంత్రాల్లా ఎత్తిపారేస్తున్నారు, వీళ్ల అమ్మలు వీళ్లకు రాళ్లు వండిపెట్టారా ఏమిటి. ఏడు దగ్గర మూట జారి కాలి పక్కన పడింది. మానేస్తుందా? మానెయ్యవే, పోనీ. ఊహూఁ, మానకు. ఏమిటిది, ఎటు వైపు ఉన్నాను నేను? వైదేహి అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది, ఎడమ మోకాలు ముందుకు పెట్టింది, మూటను మోకాలి మీదకు దొర్లించుకుని, అక్కడ్నుంచి నడుం మీదకు, నడుం మీంచి గుండెకు హత్తుకుని, ఒక్క ఒరుగు ఒరిగి పైకి తోసింది. ఝాన్సీలక్ష్మికి లెక్క తప్పింది. ఆ ఒరుగు తనకు తెలుసు. ఆ మోకాలు తనది. ఇరవై ఏళ్లుగా మంచులో, వానలో, స్టోర్ల ముందు, చంకలో పిల్లనూ వేళ్లకు తాళాలనూ తగిలించుకుని బియ్యం మూట కారులోకి ఎక్కించిన మోకాలు. మిలిటరీ వాళ్లు నేర్పింది కాదు, ఏ వీడియోలోనూ ఉండదు. ఎనిమిది. తొమ్మిది. కాలు దానంతటదే నేల మీద తాళం వేస్తోంది. పదిహేను. పద్దెనిమిది. పిల్ల మొహం దానిమ్మ గింజయింది. ఇరవై రెండు. కెప్టెనమ్మ విజిల్ నోటి దగ్గరికి తీసుకుంది, ఇంకొక్క నిమిషం ఆగమ్మా నీకు పుణ్యముంటుంది. ఇరవై ఆరు. ఇరవై ఏడు.

విజిల్.

గెలిచింది ఝాన్సీలక్ష్మి. గోళ్లు అరచేతిలో దిగబడి ఉన్నాయి, అద్దం మీద తన ముక్కు ముద్ర ఉంది, గెలుపంటే ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

కారు దగ్గరికి వచ్చేసరికి వైదేహి చేతులు తాళ్లలా వేలాడుతున్నాయి. ఏడవలేదు. "ట్వెంటీ సెవెన్. డీల్ ఈజ్ డీల్, అమ్మా. ఇంజనీరింగ్. ఐ వోంట్ మెన్షన్ ఇట్ అగైన్."

"నీ మూట మేం తిన్నామే," అంది ఝాన్సీలక్ష్మి.

"వాట్?"

చెప్పింది. గిద్దె, దమయంతి, టేపు, మూడు గిద్దెలు, అన్నీ, గాలికి జుట్టు నోట్లో పడుతుంటే ఉమ్ముతూ చెప్పింది. వైదేహి నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. "సో ఐ వాజంట్ గెటింగ్ స్ట్రాంగర్," అంది, మెల్లగా, ఆ మాట ముందు ముప్పై ఎంత, ఇరవై ఏడెంత. "ఆల్ సమ్మర్. ఇట్ వాజ్ జస్ట్ గెటింగ్ ఎంప్టీ."

"పిచ్చిదానా. ఖాళీ మూట ఎత్తుకున్న చేతులతోనే కదే ఇప్పుడు నిండు మూట ఎత్తింది. ఏడు దగ్గర పడేశావు, ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చింది? అది చెప్పు ముందు. ఆ మోకాలు ఎవరు నేర్పారు?"

"నో వన్. యూ డూ ఇట్. స్టోర్ దగ్గర. ఐ పానిక్డ్, సో…" భుజాలెగరేయబోయింది, లేవలేదు. "సో ఐ డిడ్ యూ."

ఝాన్సీలక్ష్మి నది వైపు తిరిగి కాసేపు అమెరికాను చూసింది. అక్కడ చూడ్డానికేమీ లేదు.

"మళ్లీ ఎప్పుడట ఆవిడ ట్రయల్?"

"నవంబర్. బట్ ది డీల్…"

"పాత డీల్ తూకంలో తేడా వచ్చింది. తప్పుడు తూకానికి బేరం చెల్లదు, మా అమ్మైనా అదే అంటుంది. పెన్ను మూత తీశాననుకో. సిరా వస్తుందో లేదో నవంబర్‌లో చూద్దాం."

డిక్కీ తెరిచింది. కొత్త మూట మూతి దగ్గర దారం కొస, ఎర్రగా, వేలెడంత, రా, లాగు అంటూ గాలికి ఊగుతోంది. ఝాన్సీలక్ష్మి వేళ్లు దాని దాకా వెళ్లాయి. ఆ కొసను కుట్టు లోపలికి నొక్కేసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది నీది. దీన్నెవరూ విప్పరు. కింద పిల్లల సంగతి వంటింటి డ్రమ్ము చూసుకుంటుంది."

వైదేహి మూటను చూసింది, అమ్మను చూసింది. "ఒకటి అనవెందుకు? విన్నాను నేను, డోర్ దగ్గర యూ వర్ కౌంటింగ్. లాభం అన్నావ్."

"ఒకటంటే ఒకటితోనే ఆగిపోతుందట."

పిల్ల ఎడమ మోకాలు బంపరుకు ఆనించింది. మూటను మోకాలి మీదకు దొర్లించుకుంది, నడుం మీదకు, గుండె మీదకు, ఒక్క ఒరుగు. "లాభం," అంది, ఆ భ కెనడా చలికి బిగుసుకుపోయి బ అయింది, అయినా లాభమే. దించింది. వంగి, మళ్లీ పట్టు వెతుక్కుంటోంది. రెండు వస్తుందో రాదో ఝాన్సీలక్ష్మికి తెలియదు. తెలుసుకోవాలని ఉంది.